రంగం ఓడకి టికెట్టుందా?

నాకో పిచ్చి ఉంది. ఏ కొత్త ఊరికెళ్ళినా, అక్కడి నించి పడవలు ఎక్కడెక్కడికి పోతాయో ముందు చూస్తాను. అన్నం ఎక్కడ దొరుకుతుందన్నది ఆ తర్వాత సంగతి.

2017లో ఫ్రాన్సులో పని చేస్తున్నప్పుడు మార్సెయ్ నించి ట్యునిస్ కి పెద్ద ఫెర్రీలో వెళ్ళాను. ప్లానింగు మొత్తం అరగంటలో అయిపోయింది. తేదీ ఎంచుకో, పడకో కుర్చీయో ఎంచుకో, డబ్బు కట్టు, అంతే. దాదాపు ఒక రోజు ప్రయాణం. సెలవులకి ఇంటికి పోతున్న ట్యునీసియా వాళ్ళు కార్ల నెత్తిన పరుపులూ, సైకిళ్ళూ కట్టుకుని వరసగా ఓడలోకి ఎక్కించేస్తుంటే, మనూళ్ళో సంక్రాంతి బస్సు గుర్తొచ్చింది.

సరే, అసలు విషయానికొస్తా. 2019 జనవరిలో యాంగోన్ లో మూడు నెలల పని పడింది. బస బోటాటౌంగ్ అనే పేటలో. కిటికీలోంచి చూస్తే నది, జెట్టీ, చలికాలం వలసొచ్చిన సముద్రపు కాకులు. మ్యాపు తెరిచి చూద్దును కదా, యాంగోనూ మన విశాఖపట్నమూ దాదాపు ఒకే అక్షాంశం మీదున్నాయి! మధ్యలో బంగాళాఖాతం తప్ప ఏమీ లేదు. పైగా మా మామ్మ, అంటే నాన్నకి అమ్మ, పుట్టింది ఈ ఊళ్ళోనే. మా శ్రీకాకుళం వైపు వాళ్ళకిది రంగూన్ కాదు, రంగం.

ఇంకేం, పని ముగిశాక ఓడలో వైజాగ్ వెళ్ళి మామ్మ ముందు నిలబడాలని తీర్మానించుకున్నాను. మనం సాఫ్ట్‌వేరు వాళ్ళం కదా, వెంటనే ఓ ఎక్సెల్ షీటు తెరిచాను.

మొదటి వరస: యాంగోన్ నించి వైజాగ్ కి ప్రయాణికుల ఓడ. లేదు. రెండో వరస: మద్రాసు, కలకత్తా. లేవు. మూడో వరస: సరుకుల ఓడలో చోటు. అడిగిన ప్రతివాళ్ళూ నవ్వారు. నాలుగో వరస: విమానంలో కలకత్తా, అక్కడి నించి విమానంలో పోర్ట్ బ్లెయిర్, అక్కడ వైజాగ్ ఓడ. ఇది ఉంది! రెండున్నర రోజుల ప్రయాణం. కాకపోతే ఆ ఓడలు తక్కువ, తేదీలు చివర్లో గానీ తేలవు. సెలవు అయిదు రోజులున్న వాడికి కుదిరే పని కాదు.

చిత్రమేంటంటే, ఒకప్పుడు ఈ దారి మార్సెయ్ దారి కంటే రద్దీగా ఉండేది. 1920లలో భారతదేశం నించి ఏడాదికి మూడు లక్షల మందికి పైగా వచ్చి బర్మాలో దిగేవారు. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ స్టీమర్లు కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడల దగ్గర ఆగి జనాన్ని ఎక్కించుకునేవి. విశాఖ హార్బరు తెరిచింది 1933లో. అంతకు ముందు స్టీమరు సముద్రంలోనే నిలబడేది, జనం చిన్న పడవల్లో దాని దాకా పోయేవారు. టికెట్టు డబ్బు మేస్త్రీ పెట్టేవాడు, ఆనక కూలిలో కోసుకునేవాడు. అంటే అప్పుతోనే ఓడెక్కడం! కోరంగి రేవు పేరు మీద ఇక్కడ మనవాళ్ళని కోరంగీలు అనేవారు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ లో సగానికి పైగా భారతీయులే.

ఆ అంకె చూసి నేను కాస్త పొంగిపోయాను. ఆ ముందు ఏడాది సంగతి చదివాక దిగిపోయాను. 1930 మే లో రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. వాళ్ళ బదులు బర్మా వాళ్ళని పెట్టుకున్నారు. సమ్మె తీరి తెలుగు వాళ్ళు తిరిగొచ్చాక బర్మా వాళ్ళని పొమ్మన్నారు. రేవులో మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. మనవాళ్ళు చాలామంది చచ్చిపోయారు. అప్పటికి మా ముత్తాత ఈ రేవులోనే బస్తాలు మోస్తున్నాడు.

ఆ రాత్రి మామ్మకి ఫోన్ చేశాను. ఆవిడ ఉండేది కంచరపాలెంలో, బర్మా క్యాంపుకి దగ్గర. 1960లలో బర్మా నించి వచ్చేసిన వాళ్ళ పేట అది.

"ఓడ దొరకట్లేదు మామ్మా."

"ఓడెందుకురా? ఇమానం నేదేటి?"

"నువ్వొచ్చిన దారిలో వద్దామని."

కాసేపు మాట లేదు.

"నానొచ్చిన దారేటో నీకేటి తెలుసురా? మేం దిగింది ఇశాపట్నంలో కాదు, కలకత్తాలో. నాకప్పుడు ఏడేళ్ళు. బాంబులు పడతన్నాయి. ఆడోళ్ళనీ పిల్లల్నీ ఎక్కనిచ్చారు. మా అయ్యని ఎక్కనివ్వనేదు. ఒడ్డునున్న మగోళ్ళంతా తువ్వాళ్ళు ఊపుతన్నారు. అందులో మా అయ్య తువ్వాలేదో నాకు తెలీనేదు."

ముత్తాత రంగంలో పోయాడని ఇంట్లో అందరికీ తెలుసు. ఎలా పోయాడని నేనెప్పుడూ అడగలేదు. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాయి. 1942 మార్చికి ఊరు వాళ్ళ చేతికి వచ్చింది. లక్షల మంది అరకాన్ మీదుగా, మణిపూర్ మీదుగా నడిచి ఇండియా చేరారు, వేలమంది దార్లోనే పోయారు. ఆయన నడిచాడో, ఇక్కడే ఉండిపోయాడో ఎవరికీ తెలీదు.

మర్నాడు బోటాటౌంగ్ పగోడాకి వెళ్ళాను. ఆ పేరుకి వెయ్యి మంది సేనానులని అర్థం. బుద్ధుడి కేశాలు ఇండియా నించి వచ్చినప్పుడు ఆ వెయ్యి మందీ ఈ ఒడ్డున కాపలా నిలబడ్డారట. 1943 నవంబరు 8న మిత్రరాజ్యాల విమానాలు రేవు మీద బాంబులేస్తే పాత పగోడా నేలమట్టమైంది. తిరిగి కట్టినప్పుడు లోపల బోలుగా కట్టారు, అందుకే నడిచి లోపలికి వెళ్ళొచ్చు. బయటికొచ్చి జెట్టీ మీద చాలాసేపు నిలబడ్డాను. సముద్రం ఇక్కడ కనపడదు, ముప్ఫై కిలోమీటర్ల దిగువన ఉంటుంది. ఓడ నది మలుపు తిరిగితే చాలు, ఒడ్డున్న మనిషి కనపడడు.

ఆ సాయంత్రం ఎక్సెల్ షీటు మూసేసి కలకత్తా విమానానికి టికెట్టు కొన్నాను. కంచరపాలెంలో మామ్మ నన్ను చూడగానే అడిగిన మొదటి మాట, "రేవు అలాగే ఉందేటిరా?" ఉందన్నాను. అంతే, ఇంకేమీ అడగలేదు.

2021లో అక్కడ సైన్యం అధికారం తీసుకున్నాక మా ప్రాజెక్టు మూతపడింది. 2022లో మామ్మ పోయింది. 2023 మే లో కలకత్తా నించి బర్మాలోని సిట్వే రేవుకి భారత్ కట్టించిన కొత్త టెర్మినల్ కి మొదటి ఓడ వెళ్ళిందని చదివాను. అందులో ఏం పంపారో తెలుసా? సిమెంటు బస్తాలు.

మీ ఇళ్ళల్లో రంగం వెళ్ళొచ్చిన పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే, ఓడ పేరేంటి, టికెట్టెంత అని నాలాగా అడక్కండి. ఓడ కదిలేటప్పుడు ఒడ్డున ఎవరున్నారో అడగండి.