రెండో రిమోట్

‘‘నాన్నా... నీకు అన్నిటికంటే నచ్చిన గేమ్ ఏది?’’

పోయిన ఆదివారం ఇడ్లీ తింటూ మా తొమ్మిదేళ్లవాడు అడిగాడు. వాడి ఎత్తు నాకు తెలుసు. నేనే పేరు చెబితే దాని కొత్త భాగం నాచేత కొనిపించాలని! ‘‘బాగుంది వరస. ముప్ఫై ఎనిమిదేళ్లొచ్చిన మనిషిని అడగాల్సిన ప్రశ్నేనా అది’’ అని వంటింట్లోంచి మా ఆవిడ చురక.

నిజమే, ఈ వయసులో వీడియో గేములేంటి అనేవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ ఇరవై ఏడేళ్లుగా ఆడుతున్నవాణ్ణి. ఏది మంచి ఆటో, ఏది కాదో పదికి ఇన్నని మార్కులు వేసేపాటి అనుభవం ఉందనే నా నమ్మకం. అయినా వాడికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఏ ఆట గుర్తుచేసుకున్నా పక్కన మా అన్నయ్య కనపడతాడు మరి.

1998 వేసవి. తెనాలిలో మా ఇల్లు. అన్నయ్య తొమ్మిదో తరగతి మంచి మార్కులతో పాసయ్యాడని నాన్న విజయవాడ బీసెంట్ రోడ్డులో టీవీ గేమ్ కొనుక్కొచ్చారు. దాంతోపాటు ఓ పసుపుపచ్చ క్యాసెట్. దానిమీద ‘9999 ఇన్ 1’ అని పెద్ద అక్షరాలు. జన్మంతా ఆడినా తరగవనుకున్నాం. తీరా చూస్తే ఉన్నవి పాతికలోపే, అవే మళ్లీ మళ్లీ వచ్చేవి! క్యాసెట్ పనిచేయకపోతే తీసి ఉఫ్‌మని ఊది పెట్టడం... ఆ రోజుల్లో ఆడినవాళ్లందరికీ తెలిసిన వైద్యమే.

ఆ డబ్బాకి రెండు రిమోట్లు. ఒకటోదానికి స్టార్ట్, సెలెక్ట్ బటన్లు ఉండేవి. రెండోదానికి ఉండేవి కాదు. పెద్దవాడు కాబట్టి ఒకటోది అన్నయ్యది. అంటే ఆట ఎప్పుడు మొదలవ్వాలో, మధ్యలో ఎప్పుడు ఆగాలో అంతా తన చేతుల్లోనే. నాకు మంచినీళ్లు తాగాలనిపించినా తననే బతిమాలుకోవాలి.

ముందు ‘సూపర్ మారియో బ్రదర్స్’ సంగతి. జపాన్‌లోని నింటెండో 1985లో తెచ్చింది. తయారుచేసినాయన షిగెరు మియమోటో. ఆ ఆట మొదటి నిమిషం గమనించండి. కుడివైపుకే దారి. ఎదురుగా పుట్టగొడుగులాంటి ఓ జీవి నడిచొస్తుంది. తగిలితే పోతాం. రెండోసారి గెంతుతాం. గెంతితే తల పైనున్న ఇటుకకు తగిలి నాణెం రాలుతుంది. ఒక్క అక్షరం చదవక్కర్లేదు, ఒకరు చెప్పక్కర్లేదు. అంత బాగా పాఠం చెప్పే మాస్టార్లు నాకు బళ్లో ఇద్దరే దొరికారు. పదికి పది వేయాల్సిన ఆట. కానీ ఒక మార్కు కోస్తాను. ఇద్దరు ఆడేటప్పుడు రెండోవాడి వంతు రావాలంటే మొదటివాడు చావాలి. మా అన్నయ్య ఒక పట్టాన చచ్చేవాడు కాదు!

‘డక్ హంట్’ నాన్నకు ఇష్టం. బ్యాంకు నుంచి రాగానే చొక్కా కూడా మార్చుకోకుండా ప్లాస్టిక్ తుపాకీ పట్టుకునేవారు. ట్రిగ్గర్ నొక్కగానే తెర క్షణకాలం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి చదరం వెలుగుతుంది. గొట్టంలోని సెన్సర్‌కి ఆ వెలుగు అందితే బాతు పడినట్టు. అంటే తుపాకీలోంచి ఏదీ బయటకు పోదు, వెలుగే లోపలికొస్తుంది. పాత డబ్బా టీవీలతోనే ఆ పని జరుగుతుంది, ఇప్పటి పల్చటి టీవీలతో జరగదు. గురి తప్పితే గడ్డిలోంచి కుక్క లేచి నవ్వేది. నాన్నకు ఒళ్లు మండేది. చివరికి తుపాకీ గొట్టం తెరకే ఆనించి కాల్చేవారు. అమ్మ పడీపడీ నవ్వేది. ఇంటిల్లిపాదినీ నవ్వించిన ఆటకు తొమ్మిది మార్కులు. ఆ తగ్గిన ఒక్కటీ కుక్క వల్ల!

ఇక ‘కాంట్రా’. కొనామి కంపెనీది. ఇద్దరం ఒకేసారి ఆడొచ్చు. ముప్ఫై లైఫులిచ్చే రహస్య కోడ్ ఒకటి ఉండేది, గుర్తుందా? పైకి పైకి, కిందకి కిందకి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఎ. ఆ కోడ్ పుట్టింది కాంట్రా కోసం కాదు. 1986లో ‘గ్రాడియస్’ ఆటను ఇంటి కన్సోల్‌కి మారుస్తున్నప్పుడు, పరీక్షించడానికి తనకే కష్టంగా ఉందని కజుహిసా హషిమోటో అనే ఉద్యోగి దాన్ని పెట్టుకున్నాడు. ఆయన 2020లో కన్నుమూశాడు. ఆయన పేరు తెలియకుండానే ఆ వేసవంతా ఆయన దయ మీద బతికాం.

కాంట్రా మూడో స్టేజీలో జలపాతం వస్తుంది. రాళ్లమీద గెంతుతూ పైకి ఎక్కాలి. చిక్కల్లా తెర ఒక్కటే కావడం. ముందున్నవాడు పైకి పోతే తెరా వాడితోపాటే పోతుంది. కింద మిగిలినవాడు తెర అంచు దాటి చచ్చిపోతాడు. శత్రువు కొట్టక్కర్లేదు, తోడున్నవాడు వేగంగా ఎక్కితే చాలు. అన్నయ్య చకచకా ఎక్కేవాడు. ‘‘ఆగరా అన్నయ్యా’’ అని అరిచేలోపే నేను పోయేవాణ్ణి. ఆపుదామంటే నా రిమోట్‌కి ఆ బటన్ లేదాయె! ఆ ఆటంటే ప్రాణం. మార్కులు మాత్రం ఎనిమిదే.

తర్వాత అన్నయ్య బీటెక్‌లో పడ్డాడు. నేను గుంటూరులో డిగ్రీ. మా హాస్టల్ సందులో గంటకింత అని తీసుకునే ప్లేస్టేషన్-2 సెంటర్ ఉండేది. అక్కడే ‘జీటీఏ: శాన్ ఆండ్రియాస్’ పరిచయం. 2004 నాటి ఆట. కార్లు దొంగిలించడం, కాల్పులు, కొట్లాటలు... పెద్దవాళ్లకే అని డబ్బామీదే రాసుంటుంది. అమ్మానాన్నలూ, ఆ గుర్తు చూడకుండా పిల్లలకు కొనివ్వకండి. మా వాడికి నేనిప్పటికీ చూపించలేదు. కానీ ఆ కథ మొదలయ్యే తీరు నాకు బాగా గుర్తు. తల్లి చనిపోయిందని తెలిసి, ఐదేళ్ల తర్వాత కొడుకు ఊరికి తిరిగొస్తాడు. అందరినీ వదిలి వెళ్లిపోయావని అన్న వాణ్ణి నిష్ఠూరాలాడతాడు. అప్పట్లో ఆ దృశ్యం త్వరగా అయిపోతే కారెక్కుదామని చూసేవాణ్ణి. ఏడు మార్కులు.

2009లో ‘హనుమాన్: బాయ్ వారియర్’ వచ్చింది. పూర్తిగా మన దేశంలోనే తయారైన తొలి ప్లేస్టేషన్ ఆట. అదీ మన హైదరాబాద్‌లో, అరోనా టెక్నాలజీస్‌లో! జర్నలిజం డిప్లొమా చదువుతున్న నేను మెస్ డబ్బులు పెట్టి కొన్నాను. దేవుణ్ణి రిమోట్‌తో ఆడించడమేంటని అభ్యంతరాలొచ్చాయి. నా బాధ వేరు. సముద్రం దాటిన హనుమంతుడు నా చేతుల్లో చిన్న గట్టు దాటడానికి అవస్థపడ్డాడు. ప్రయత్నానికి పది మార్కులు, ఆటకు నాలుగు. కానీ ఆ డబ్బా ఇంకా దాచుకున్నాను. పదకొండేళ్ల తర్వాత, 2020లో పుణెవాళ్లు తీసిన ‘రాజీ’ ఆడినప్పుడు ఆ లోటు తీరింది. తప్పిపోయిన తమ్ముడి కోసం రాక్షసులతో పోరాడే అక్క కథ. గోడలమీద మన బొమ్మలు, మన పురాణాలు. నిడివి తక్కువ, అయినా ఎనిమిది మార్కులు.

ఈలోపు అన్నయ్య అమెరికా వెళ్లాడు. డల్లాస్‌లో ఉద్యోగం. 2010లో తొలిసారి సెలవుకొచ్చినప్పుడు నింటెండో ‘వీ’ తెచ్చాడు. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230 కదా... ఓ కన్వర్టర్ కూడా మోసుకొచ్చాడు. ‘వీ స్పోర్ట్స్’లో రిమోట్‌ని బ్యాట్‌లా ఊపితే టెన్నిస్, బంతిలా విసిరితే బౌలింగ్. అమ్మ కొంగు దోపుకుని నాన్నను ఓడించింది. ‘‘కుక్క లేదు కదా, అదే నయం’’ అన్నారు నాన్న. బటన్లంటే భయపడేవాళ్లను కూడా ఆటలోకి లాగిన ఘనత దానిది. తొమ్మిదిన్నర. మేం నలుగురం కలిసి ఆడిన చివరి ఆట అదే.

2020 ఏప్రిల్‌లో నాన్న పోయారు. గుండెపోటు. లాక్‌డౌన్... విమానాలు లేవు. కర్మకాండలన్నీ నేనే చేశాను. అన్నయ్య ఫోన్‌లో చూశాడు. రావడానికి దారి లేదని నాకు తెలుసు. తెలియడం వేరు, కోపం వేరు. పదకొండో రోజున ఖర్చులకని డబ్బు పంపాడు. నేను వెనక్కి పంపేశాను. ఒక్క మాట కూడా రాయలేదు. తనూ అడగలేదు. ఆ తర్వాత రెండేళ్లు మా మధ్య ‘అమ్మ ఎలా ఉంది’, ‘బాగానే ఉంది’... అంతే.

ఆ రోజుల్లో నిద్రపట్టక ‘షాడో ఆఫ్ ది కొలోసస్’ ఆడాను. 2005లో ఫుమిటో ఉయెడా తీసిన ఆట, 2018లో కొత్త హంగులతో మళ్లీ వచ్చింది. చనిపోయిన అమ్మాయిని బతికించుకోవాలని ఓ కుర్రాడు గుర్రమెక్కి బయల్దేరతాడు. 16 మహాకాయులను చంపాలి. వాటిలో చాలావరకు మన జోలికి రావు, మనమే వెళ్లి కదుపుతాం. ఒక్కొక్కటి కూలుతుంటే గెలిచామన్న సంబరం ఉండదు, విషాద సంగీతం వినపడుతుంది. పోయినవాళ్ల కోసం ఉన్నవాళ్లను చంపుకుంటూ పోవడమా అనిపించింది. అది ఆట గురించి అనుకున్నానో, నా గురించి అనుకున్నానో! దీనికి మార్కులు వేయలేను.

2022లో ఓ రాత్రి అన్నయ్య నుంచి మెసేజ్. ‘‘ఇట్ టేక్స్ టూ అనే గేమ్ కొన్నా. ఒకరు కొంటే రెండోవాళ్లు ఉచితంగా ఆడొచ్చట. వస్తావా?’’

రెండు రోజులు జవాబివ్వలేదు. మూడో రోజు ‘సరే’ అన్నాను.

2021లో ఉత్తమ గేమ్‌గా అవార్డు అందుకున్న ఆట అది. విడాకులకు సిద్ధపడ్డ భార్యాభర్తలు బొమ్మలుగా మారిపోతారు. ఒంటరిగా ఆడటానికి అసలు వీలే లేదు. ఒకరి దగ్గర మేకులు, మరొకరి దగ్గర సుత్తి. ఒకరు గోడకు మేకు విసిరితేనే రెండోవాళ్లు దానికి సుత్తి తగిలించి వేలాడుతూ దాటగలరు. ఎంత దూరాన ఉన్నా తెర రెండుగా చీలి, ఎవరి సగం వాళ్లకు ఉంటుంది. కూతురి కంట నీళ్లు తెప్పించడానికి ఆ తల్లిదండ్రులు ఆమె బొమ్మ ఏనుగును చీల్చే ఘట్టం మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. అందుకే తొమ్మిది.

మాకు ఆదివారం పొద్దున్న ఏడున్నర, తనకు శనివారం రాత్రి తొమ్మిది. మొదటి రెండు వారాలూ ‘మేకు వెయ్’, ‘ఇటు దూకు’ తప్ప మాటల్లేవు. మూడో వారం నేను ఓ చోట పదేపదే పడిపోతున్నాను. అన్నయ్య పైన నిలబడి ఎదురుచూస్తున్నాడు. ఉండబట్టలేక అన్నాను: ‘‘కాంట్రాలో కూడా ఇలా ఆగుంటే బాగుండేది.’’

‘‘ఆగేవాణ్ణిరా. ఆగితే నాకు తూటాలు తగిలేవి. అలా ఎన్ని లైఫులు పోయాయో నీకేం తెలుసు? నువ్వెప్పుడూ నీ బొమ్మనే చూసుకునేవాడివి’’ అన్నాడు.

నేనేమీ అనలేదు. కాసేపాగి తనే మళ్లీ... ‘‘ఆ డబ్బు ఖర్చుల కోసం కాదురా. నాన్నకు నేను చేయగలిగింది ఇంకేం మిగల్లేదు.’’

నా గొంతు పెగల్లేదు. ఆట ఆగలేదు. మా బొమ్మలు రెండూ తెరమీద ఊరికే నిలబడి ఉన్నాయి. చాలాసేపటికి ‘‘మళ్లీ పంపు అన్నయ్యా’’ అన్నాను. ఆ డబ్బుతో నాన్న పేరిట ఊళ్లో ఆయన చదివిన బడికి బెంచీలు చేయించాం.

ఇంతకీ మా వాడి ప్రశ్నకు జవాబు బాకీ ఉంది కదా... ‘‘కాంట్రా’’ అన్నాను.

యూట్యూబ్‌లో చూసి మొహం అదోలా పెట్టాడు. ‘‘బొమ్మలేం బాలేవు నాన్నా!’’

‘‘బాగుండవు. పెదనాన్న సంక్రాంతికి వస్తున్నాడుగా, అప్పుడు ఆడి చూపిస్తాం.’’

సాయంత్రం తెనాలికి ఫోన్ చేసి అమ్మను అడిగాను. పాత టీవీ పనిచేస్తోందట. అటకమీద డబ్బా కూడా దించి, తుడిచి పెట్టిందట.

‘‘రెండు రిమోట్లూ ఉన్నాయిరా’’ అంది. ‘‘ఈసారైనా కొట్టుకోకుండా ఆడుకోండి.’’