అక్కతో గుణదలకు



సంక్రాంతి వెళ్లిన వారములోనే మా అక్క మొగుళ్లపల్లికి వచ్చింది. గడప దాటి, మంచినీళ్లయినా తాగకముందే అడిగింది: "తమ్మీ, ఈసారి నన్ను గుణదల తోల్కపోవాలె. మీ బావ లేకపాయె. ఇంకెవరినడగాలె?"

మేము భార్యాభర్తలము ఒకరి ముఖము ఒకరము చూచుకున్నాము. అక్కను ఇచ్చినది ఆర్.సి.యం. వారింటికి. బావ ప్రతి ఏడు గుణదలకు పోతూ మమ్ములను కూడా రమ్మనేవాడు. సేవలో ఉన్నవారము ఎట్లా వస్తామని తప్పించుకునేవారము. తిరిగి వచ్చి ఆయన ఇచ్చిన కొబ్బరిముక్కను కూడా మేము ముట్టలేదు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. పోయిన వానకాలములో ఆయన కన్నుమూశాడు.

గుణదల విజయవాడలో ఉన్నది. 1924లో అక్కడి సెయింట్ జోసఫ్ అనాథశరణాలయము చూచుకొనే ఫాదర్ అర్లాటి గుట్ట మీద లూర్దుమాత స్వరూపమును నిలిపాడు. ఫ్రాన్సులోని లూర్దులో 1858 ఫిబ్రవరి 11న బెర్నదెత్ అనే పేద బాలికకు మరియమ్మ కనబడిందని వారి నమ్మకము. అందుకే ప్రతి ఏడు ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో అక్కడ తిరునాళ్లు జరుగును. జనము కొబ్బరికాయలు కొడతారు, తలనీలాలు ఇస్తారు, కొవ్వొత్తులు వెలిగిస్తారు. పండుగకు ముందు తొమ్మిది దినములు ప్రార్థనలు చేసుకుంటారు. అక్క జపమాల చేతబట్టి వాటికి సిద్ధపడుచున్నది.

శనివారపు ప్రార్థన తరువాత మా సంఘపెద్ద ఒకాయన నిలబడి అడిగాడు: "అయ్యగారూ, విగ్రహాల దగ్గరికి పోవద్దని మాకు మీరే జెప్తిరి. ఇప్పుడు మీరే బస్సెక్కితే మా పిలగాండ్లకు ఏం జెప్పాలె?"

ఆయన మాటలో తప్పు లేదు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. దేవునికిని నరులకును మధ్యవర్తి క్రీస్తుయేసు ఒక్కడేనని 1 తిమోతి 2:5 నేర్పుచున్నది. అది మేము విడువము. కాని మోకరించి మమ్మును మేము పరీక్షించుకొనగా మరొక సంగతి బయటపడినది. మాలో ఉన్న భయమంతా విశ్వాసమును గూర్చినది కాదు. నలుగురిలో మా పేరు ఏమగునో అన్న భయము అందులో సగము.

లూకా 2వ అధ్యాయము తెరిచాము. యోసేపు, మరియ ప్రతి ఏడు పస్కాకు యెరూషలేము వెళ్లేవారు. ఒక ఏడు ఆ యాత్రలోనే పండ్రెండేండ్ల బిడ్డ కనబడక ఆమె ఎంత తల్లడిల్లినదో మనకు తెలుసు. కానా పెండ్లిలో పనివారిని ఆమె తనవైపు కాక తన కుమారునివైపే త్రిప్పినది. మేడగదిలో శిష్యులతో కూడ ప్రార్థించినది. అట్టి తల్లిని గూర్చి మనము క్రిస్మస్ నాడు తప్ప ప్రసంగించము. మార్టిన్ లూథర్ 1521లోనే మరియ కీర్తనకు వ్యాఖ్యానము వ్రాసి ప్రకటించాడు. మనకెందుకు జంకు?

ఆదివారము సంఘము ముందు చెప్పాము: "మేము అక్కడ కొబ్బరికాయ కొట్టము, తలనీలాలియ్యము, స్వరూపము ముందు మోకరించము. భర్త పోయిన అక్క చేయి పట్టుకొని నడుస్తాము, ఆమె సంచి మోస్తాము. ఇది తప్పయితే మీరే చెప్పండి." ఎవరూ పలుకలేదు. సాయంత్రము ఆ సంఘపెద్ద భార్య సకినాల మూట తెచ్చి, "అక్కకు తొవ్వల తినను" అని మా చేతిలో పెట్టింది.

ఇప్పుడు ప్రయాణపు ఏర్పాట్లు. రాత్రి మంచుకు రెండు దుప్పట్లు, అక్క మోకాళ్లకు తైలము, మంచినీళ్ల సీసాలు. జనములో తప్పిపోతే చూపించుటకు మా పేరు, ఊరు వ్రాసిన కాగితము ఆమె కొంగుకు కట్టాము. గుట్ట మీది సిలువ దాకా మెట్లెక్కగలదో లేదో తెలియదు.

పరకాల మీదుగా వరంగల్ స్టేషను, అక్కడినుండి రైలు. దారిలో డోర్నకల్ వచ్చును. 1912లో అభిషేకము పొందిన మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు అజరయ్యగారి సమాధి అక్కడే ఉన్నది. కిటికీలోనుండి ఆ ఊరు చూపిస్తామంటే అక్క నవ్వింది: "నువ్వు మీది చూపియ్యి, నేను మాది చూపిస్త."

నిన్న సంచి సర్దుతూ కొవ్వొత్తులు లెక్కబెట్టింది. ఒకటి ఎక్కువున్నదేమని అడిగాము.

"అది నీ పేరు మీదిది. నీ సేవ బాగుండాలెనని మీ బావ ప్రతి యేడు ఒకటి వెలిగించెటోడు. నీకు కోపమొస్తదని చెప్పలే."

మాకు నోట మాట రాలేదు. ఆయన ఇచ్చిన కొబ్బరిముక్కను వద్దన్న చేతులివి. కొవ్వొత్తి వెలిగించుటలో మాకు నమ్మిక లేదు. చనిపోయినవారి కొరకు ప్రార్థించు అలవాటును లేదు. కాని బ్రతికియుండగా మా కొరకు ప్రార్థించిన ఆ మనిషిని బట్టి దేవునికి కృతజ్ఞత చెల్లించవచ్చును గదా. అక్కను పక్కన కూర్చుండబెట్టుకొని, ముగ్గురము కలిసి అదే చేశాము. ఆమె సిలువ గుర్తు వేసుకొన్నది, మేము ఆమెన్ అన్నాము.

ఈ మాటలు వ్రాయునప్పటికి సంచి గుమ్మము దగ్గర ఉన్నది. 9వ తేదీ తెల్లవారుజామున బయలుదేరుచున్నాము. ప్రియులారా, మీ ఇండ్లలోనూ ఇట్టి అక్కలు, బావలు ఉండవచ్చును. వారు బ్రతికియుండగానే ఒక్కసారి వారి ఇంట కూర్చుండి, వారు ఎవరి కొరకు ప్రార్థించుచున్నారో అడగండి. మా ప్రయాణము కొరకు, మా అక్క మోకాళ్ల కొరకు ప్రార్థించండి.