కొల్లేటి చలి

మార్గశిరం ప్రవేశించి తెల్లవారుజామున మంచు దిగగానే నా మనస్సు నేటికీ కొల్లేటి గట్టుకే పరుగెడుతుంది. 78 ఏళ్ల వయస్సులో చలి ఎవరికైనా బాధే. నాకు మాత్రం పాత నేస్తం.

ఉద్యోగంలో చేరకముందు, 1960వ దశకంలో, నాన్నగారి తుపాకితో దోనెలో తుంగ పొదల నడుమ నక్కి కూర్చునేవాణ్ణి. వేళ్లు కొంకర్లు పోయేవి. తూర్పు తెల్లబడే వేళ ముందు రెక్కల చప్పుడు వినవచ్చేది. ఆ తరువాతే సూదితోక బాతులు కనిపించేవి. ఆ క్షణం కోసమే ఏడాదంతా నిరీక్షణ.

ఒకనాడు నేను కూల్చిన బాతు కాలికి చిన్న లోహపు కడియం కనబడింది. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి తెలియజేయవలసిందని దానిపై ఆంగ్లంలో ఉంది. ఎంతో దూరం ఎగిరి వచ్చిన ప్రాణి నా చేతిలో చల్లబడుతున్నది. సిగ్గుతో ఉత్తరం వ్రాయలేదు, కడియాన్ని దాచివేశాను.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. తుపాకిని అప్పగించాను. చట్టం వేటను మాన్పింది గాని, చలి మీది మోజును మాన్పలేదు. 1999లో కొల్లేరు అభయారణ్యమైంది. 2002లో రాంసార్ జాబితాకెక్కింది.

నిరుడు పుష్యమాసంలో మనుమణ్ణి ఆటపాక తీసుకొని వెళ్లాను. నెత్తిమీదుగా బాతుల గుంపు సాగిపోతుంటే నా చూపుడువేలు తనంత తానే వంగింది. వాడు గమనించి, “ఏమిటి తాతయ్యా?” అన్నాడు. జేబులోని కడియం చూపి, జరిగినదంతా చెప్పాను.

“మరి ఉత్తరం ఎప్పుడు వ్రాస్తావు?” అని అడిగాడు.

ఇంటికి రాగానే, అర్ధ శతాబ్దం మించిన ఆలస్యంతో, ఆ ఉత్తరం వ్రాసి తపాలా పెట్టెలో వేశాను.