కొల్లేటి చుట్టు రైలుదారి



యాత్ర యనగానే కాశీరామేశ్వరములు తలపునకు వచ్చును. నేను వ్రాయబూనిన యాత్ర యంత దూరమైనది కాదు. తాడేపల్లిగూడెమున ఉదయము రైలెక్కి, ఏలూరులో దిగి, బస్సులో కొల్లేరు దాటి కైకలూరు చేరితిమి. మఱునాడు ఆకివీడు, భీమవరము, నిడదవోలు మీదుగా రైలులో ఇల్లు చేరితిమి. పటము చూచినచో కొల్లేటికి ప్రదక్షిణము చేసినట్లుండును. మా పినతల్లి సాంవత్సరికమునకై మావారు, మా అత్తగారు, పండ్రెండేండ్ల మా చిన్నవాడు, నేను బయలుదేఱితిమి.

నిరుడు ఇదే త్రోవను ఆమె కడచూపునకై ఒంటరిగా పోయితిని. నాడు మా బండిని ఒక చిన్న స్టేషనులో ప్రక్కపట్టాలపైకి మళ్ళించిరి. గంట దాటినను కదలలేదు. ఆగినచోట ప్లాటుఫారము లేదు, నీళ్ళు లేవు, నీడ లేదు. దిగుదమన్నచో క్రింద కంకరరాళ్ళు. చంటిబిడ్డల తల్లులు, ముసలివారు ఎక్కడివా రక్కడనే కూర్చుండిరి. మొదట ఒక మెయిలుబండి, దాని వెనుక ఒక బొగ్గుబండి మమ్ము దాటిపోయినవి. నేను కైకలూరు చేరునప్పటికి పినతల్లి కన్నుమూసి ముప్పావుగంట యైనది. “అమ్మాయి వచ్చిందా?” అని రెండుమాఱు లడిగినదట. ఆ ముప్పావుగంట నా మనసులో నేటికిని ముల్లువలె నున్నది. ఎవరిని నిందింపవలెనో తెలియదు. కావున ఈసారి కిటికీకడ కూర్చుండి, ఆ ప్రక్కపట్టాల సంగతి యేమో తెలిసికొనవలెనని నిశ్చయించుకొంటిని.

తాడేపల్లిగూడెము బియ్యపుమిల్లులకును, ఉల్లిపాయల టోకు బేరమునకును పేరుపడిన ఊరు. బియ్యపుబస్తాలు రైలెక్కుటయు, ఎరువులు, సిమెంటు దిగుటయు ఈ ప్రాంతమున నిత్యకృత్యములు. ధాన్యము మోయు మూతపెట్టెల బండికి సాధారణముగా 42 పెట్టె లుండును. నిండుగా ఎత్తినచో సుమారు 2,600 టన్నులు పట్టును. ఏబది కిలోల బస్తాలుగా లెక్కించిన 52,000 బస్తాలు. నెలకొక బస్తా వండుకొను పెద్ద సంసారము లనుకొన్నను, ఏబదిరెండువేల యిండ్లకు నెలగ్రాసము ఒక్క బండిలో పోవుచున్న దన్నమాట! ఇట్టి సరకు ఎత్తుటకు దించుటకు ప్రత్యేకముగా వేసిన పట్టాలను సైడింగు లందురు. సైడింగు పొట్టిదైనచో బండిని రెండుగా విడదీసి, ముందునకు వెనుకకు లాగి, ముక్కముక్కగా లోనికి నెట్టవలెను. ఆ లాగుడు సాగినంతసేపు ప్రధానమార్గమునకు ఆటంకమే. వంటయింట అరుగు చాలక వండిన గిన్నెలను నడవలో పెట్టినచో వచ్చిపోవువారి కాళ్ళ కడ్డము పడవా? ఇదియు నట్టిదే.

మేము పోయిన మార్గము నిన్నటిది కాదు. కటకమునుండి బెజవాడ వఱకు ఈస్టుకోస్టు రైల్వేను 1893 మొదలు 1896 వఱకు వేసిరి. రాజమహేంద్రవరముకడ గోదావరిపై తొలి రైలువంతెన 1900లో తెరవబడినది. అప్పటినుండి ఉత్తరదేశమునకును దక్షిణదేశమునకును తూర్పుతీరపు రాజమార్గ మిదియే. నేడు పోవుట కొక దారి, వచ్చుట కొక దారి కలవు. ఆ రెండింటిమీదనే మెయిళ్ళు, ఎక్స్‌ప్రెస్సులు, మావంటివారి పాసింజర్లు, బియ్యము, ఎరువు, బొగ్గు అన్నియు నడువవలెను. ఒడిషాలోని తాల్చేరు గనుల బొగ్గు ఇబ్రహీంపట్నపు విద్యుత్కేంద్రమునకు ఈ త్రోవనే వచ్చును. మన యిండ్లలో దీపము వెలుగుటకు ఆ బొగ్గుబండియు నడువవలసినదే.

ఒకే దారిలో వెనుకనుండి వేగముగల బండి వచ్చినప్పుడు ముందున్నది ప్రక్కకు తొలగవలెను. అందుకై స్టేషనులయందు ప్రధానమార్గమునుండి చీలి, కొంతదూరము పోయి, మరల అందే కలియు పట్టాలుండును. వీనినే లూపులైను లందురు. భీమడోలు, దెందులూరు దాటి పోవుచుండగా మావారు వానిని చూపి చిన్నవానికి లెక్క యిచ్చిరి.

“బొగ్గుబండి పొడవు 660 మీటర్లనుకో. మలుపు ఇరుకుగా ఉన్న పాతరకపు చీలికమీద గంటకు 15 కిలోమీటర్లకు మించి పోగూడదు. బండి మొత్తం లూపులోకి ఎక్కడానికి ఎంతసేపు పడుతుంది?”

వాడు వ్రేళ్ళు మడచి, కాగితము తీసి, “రెండు నిమిషాల ముప్పైయెనిమిది సెకండ్లు, నాన్నగారూ” అనెను.

“చీలికను సాగదీసి, మలుపు తగ్గించి, 30 కిలోమీటర్ల వేగానికి తగినట్టు చేస్తే?”

“అందులో సగమే!”

మిగిలిన ఆ నిమిషము పైచిలుకు వెనుక వచ్చు బండికి దక్కును. ఇట్టి స్టేషనులు పది దాటినచో ఎంత కాలము మిగులునో గృహిణులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. చిల్లర కాసులు కూడబెట్టి నగ చేయించుకొనుట మనకు తెలిసిన విద్యయే కదా!

చీలికకంటెను ముఖ్యమైనది లూపు పొడవు. బండి తోక ప్రధానమార్గముపై మిగిలినచో తొలగియు తొలగనట్లే. 2021 అక్టోబరు 7వ తేదీన కొండపల్లినుండి ఖుర్దావైపునకు మూడు గూడ్సుబండ్లను ఒకటిగా కూర్చి, 177 పెట్టెలతో ‘త్రిశూల్’ అను పేర నడిపిరి. మూడు బండ్లకు బదులు ఒక బండి త్రోవయే చాలుట దాని లాభము. కాని ఒక బండికొఱకు కట్టిన లూపులో అంత పొడవుగల సర్పము ఎట్లు ఇముడును? ఇమడనిది ఆగదు. ఆగనిదానికి తక్కినవారు తొలగవలసి వచ్చును. అప్పుడు నాకు నిరుటి సంగతి కొంత బోధపడినది. పెద్దదానికి చోటు లేనిచోట చిన్నదానిని తొలగించుట సులభము. ఈ న్యాయము ఇండ్లలోను లేకపోలేదు.

త్రోవ యెవరి కీయవలెనో పూర్వులు చెప్పియే యున్నారు. బండిలో పోవువానికి, తొంబదియేండ్లు దాటిన వృద్ధునకు, రోగికి, బరువు మోయువానికి, స్త్రీకి, స్నాతకునకు, రాజునకు, పెండ్లికుమారునకు దారి విడువవలెనని మనుస్మృతి చెప్పుచున్నది. చూడుడు, గూడ్సుబండి బరువు మోయునది. పాసింజరులో స్త్రీలు, రోగులు, వృద్ధులు అందఱు నుందురు. ఇద్దఱును త్రోవకు అర్హులే! రైలువారి నియమములలో ప్రమాదస్థలమునకు సహాయము కొనిపోవు బండికి మొదటి త్రోవ. గూడ్సుబండి వంతు పాసింజరునకు తరువాతిదే. కాని పట్టాలు చాలనప్పుడు నియమములు కాగితముపై నుండును, బండ్లు దొరకిన చోట నిలుచును.

ఏలూరు చేరితిమి. ఇక్కడికి చేరువనే పెదవేగి, వేంగిరాజుల పట్టణము. దండి దశకుమారచరితమున ఆంధ్రనగరము చెంత సముద్రమువంటి సరస్సును వర్ణించెను. అది కొల్లేరే యని పండితులు తలచిరి. బస్సు పెదయెడ్లగాడి వంతెన దాటునప్పుడు ఇరువైపుల నీరు, తుంగ, కొంగలు కనబడినవి. బుడమేరు, తమ్మిలేరు మోసికొని వచ్చిన నీరంతయు ఇచట నిలిచి, ఉప్పుటేరు వెంట మెల్లగా సముద్రము చేరును. 1999లో దీనిని పక్షుల అభయారణ్యముగ ప్రకటించిరి. 2002లో రామ్‌సర్ పట్టికలో చేర్చిరి. 2006లో హద్దుమీఱిన చేపలచెఱువుల గట్లను పెక్కింటిని కొట్టించిరి. పొంగిన నీటికి కొల్లేరు తాను చోటిచ్చును. ఆ చోటు ఇఱుకైనచో నీరు ఊళ్ళమీద పడును. ఇదియు నొక లూపులైనే యనిపించినది.

కైకలూరులో సాంవత్సరికము యథావిధిగా జరిగినది. పినతల్లి గది అట్లే యున్నది. ఆమె మంచము చూచి నేను మాటలాడలేకపోయితిని. మా అత్తగారు నా వీపు నిమిరిరి.

తిరుగుదారి వేఱు. గుడివాడ భీమవరముల నడుమ చాలకాలము ఒంటిపట్టాలే యుండెడివి. ఎదురుబండి వచ్చిన నొకటి స్టేషనులో కాచుకొనవలెను. “క్రాసింగు పడింది” అనుట ఇక్కడివారికి నిత్యపు మాట. ఇప్పుడు విజయవాడ, గుడివాడ, బందరు, భీమవరము, నరసాపురము, నిడదవోలు కలుపు 221 కిలోమీటర్లకు జంటపట్టాలు వేసి విద్యుత్తు అమర్చిరి. మెత్తని నల్లరేగడి నేల తడిసిన ఉబ్బును, ఎండిన పగులును. అట్టి నేలపై గట్టు లేపి, నీటికి తూములు విడిచి రెండవ దారి వేయుట సామాన్యము కాదు. ఉప్పుటేటి వంతెనపై మా బండి ఎవరికొఱకును ఆగక సాగిపోయినది. బండిలో నొక చేపలమ్మి, “మునుపు ఆకివీడులో తేగలకట్ట తిని పారేసేదాకా ఎదురుబండి వచ్చేది కాదమ్మా!” అని నవ్వెను.

నిడదవోలు దాటి మరల పెద్దమార్గమెక్కితిమి. ఒక స్టేషనులో లూపుమీద బొగ్గుబండి నిలిచియుండెను. చిన్నవాడు పెట్టెలు లెక్కించి, “యాభైయెనిమిది! తోకతో సహా లోపలే ఉంది!” అని కేక వేసెను. మా బండి దానిప్రక్కనుండి ముందునకు పోయినది. నేను మరలి చూచుచునే యుంటిని. నిరుడు ఆ చిన్నస్టేషనులో నిట్టి చోటుండినచో!

మా అత్తగారు నా మనసు గ్రహించి, “అమ్మాయీ, దారి ఇవ్వడం తప్పు కాదు. ఇచ్చినవాళ్ళకి కాస్త నీడ, గుక్కెడు నీళ్ళు, కాలు మోపడానికి అరుగు ఉండవద్దూ?” అనిరి.

పట్టాలు బాగుచేయువారు వేగముతోపాటు ఈ మాటయు లెక్కలోనికి తీసికొనవలెనని నా మనవి. పెద్దబండి పట్టునంత పొడవైన లూపులు వేయవలెను. మనుష్యులబండి ఆగక తప్పనిచోట దానిని ప్లాటుఫారము, పందిరి, కొళాయి గల పట్టాలమీదనే ఆపవలెను. ఎంతసేపు ఆగునో ఒకమాట చెప్పవలెను. ఆ ఒక్కమాట తెలిసియున్న, నేను నాడు కైకలూరికి ఫోనుచేసి, “వస్తున్నా, పిన్నీ” అని ఆమె చెవిని వేయించి యుందును.

దీపాలవేళకు తాడేపల్లిగూడెములో దిగితిమి. గూడ్సుషెడ్డువైపు నింకను బస్తాలు ఎక్కుచునే యుండెను.