మా యింటి చాకు

మా తల్లి చిరకాలము కత్తిపీట ముందఱ గూర్చుండియే కూరలు తరిగెడిది. మోకాళ్లనొప్పిచే నిక గూర్చుండలేకపోగా మేమామెకొక చాకు కొంటిమి. తళతళలాడు దానిని జూచి మోసపోతిమి. పదును చాలకున్నను, చేతికి క్షేమమే గదా యనుకొంటిమి. మూడవనాడే యది కందపై జాఱి యామె బొటనవ్రేలిని గోసెను. పదునులేని కత్తికి బలము హెచ్చుగా వలయును. బలము హెచ్చినకొలది జాఱును. "కత్తిపీట కదలదు, కాయయే కదలును. ఇక్కడ రెండును కదలుచున్నవి గదరా!" అని యామె యనెను.

రెండవమాఱు ఆమెనే వెంటబెట్టుకొని పోతిమి. అంగడివానిని నీళ్లడిగి, చేయి తడుపుకొని, ఒక్కొక్క పిడినే పట్టి చూచెను. మేము చూచినది అలుగును మాత్రమే! తుదకు మూడున్నర అంగుళముల యలుగు, పిడి చివరవఱకు సాగిన యుక్కు, దానిని బిగించిన మూడు మేకులు గలదాని నేరెను. వట్టి యినుము మంచి పదునెక్కును గాని, చింతపులుపు తగిలిన నల్లబడును. అరటికాయ ముక్కలను గూడ నల్లజేయును. 1913లో షెఫీల్డు నగరమున హారీ బ్రేర్లీ క్రోమియము కలిపి చేసిన తుప్పుపట్టని యుక్కు ఈ చిక్కును జాలవఱకు దీర్చినది.

సానఱాతిపై నూఱుట మా వంతు. కత్తిపీటను మాత్రమామె యటుకెక్కింపనీయలేదు. దాని కొనకు కొబ్బరికోరు గలదు. పచ్చడి చేయునాడు దానిముందు మమ్ము గూర్చుండుమనును.