బిందె చెప్పిన పాఠం

పిల్లలూ! మీ ఇంట్లో ఖాళీ నన్నారి సీసా వుంటే తెచ్చుకోండి. అంచు పగిలిన సీసా మాత్రం వద్దు. కింది పెదవిని సీసా మూతికి ఆనించి, గాలి ఎదుటి అంచుకు తగిలేటట్టు మెల్లగా వూదండి. మొదట వుత్త "స్స్" మంటుంది. సీసాను కొంచెం అటూ ఇటూ వంచి చూడండి. వున్నట్టుండి "బూ..." అని పలుకుతుంది.

ఇప్పుడు ఒక ప్రశ్న. సీసాలో సగం దాకా నీళ్ళు పోసి మళ్ళీ వూదితే ఆ గొంతు సన్నబడుతుందా, బొంగురుపోతుందా? తొందరపడి వూదకండి. ముందు ఆలోచించి ఒక జవాబు అనుకోండి. పంతులునై వుండి కూడా ఈ ప్రశ్నకు నేను ఒకసారి తప్పు జవాబు చెప్పాను. ఆ సంగతి మీకు చెబుతాను.

మాది ఒంటిమిట్ట. 1986లో నేను ట్రెయినింగు పూర్తిచేసి, మా జిల్లాలోనే ఒక పల్లెటూరి బడిలో కొత్తగా చేరాను. ఒకనాడు ఏడవ తరగతికి ధ్వనిని గురించి చెబుతూ, బల్లమీద మూడు సీసాలు పెట్టి, ఒకదానికంటె ఒకదానిలో ఎక్కువ నీళ్ళు పోసి, చెంచాతో కొట్టి చూపాను. నీళ్ళు ఎక్కువగా వున్న సీసా బొంగురుగా పలికింది. జలతరంగిణి వాయించేవారు పింగాణీ కప్పులలో నీళ్ళు పోసి శ్రుతి చేసుకొనేది కూడా ఈ విధంగానే. పాఠం బాగా నడిచిందన్న వుత్సాహంలో, "వూదినా ఇంతే! నీళ్ళు ఎక్కువైతే గొంతు బొంగురుపోతుంది" అనేశాను.

వెనక బెంచీలో నుంచి ఒక పిల్లవాడు లేచాడు.

"కాదు సార్, సన్నబడతాది" అన్నాడు.

"నీకెట్లా తెలుసు? ఎప్పుడైనా సీసా వూదావా?" అన్నాను.

"లేదు సార్. బోరింగుకాడ బిందె పట్టేటప్పుడు ఇంటా వుంటా కద సార్. నిండేకొద్దీ సద్దు సన్నబడతాది. మాయమ్మ చీకట్లో గూడా ఆ సద్దును బట్టే బిందె తీస్తాది."

తరగతి అంతా నవ్వింది. నాకు కోపం వచ్చింది. "బిందె వేరు, సీసా వేరు. కూర్చో!" అన్నాను. వాడు తల దించుకొని కూర్చున్నాడు.

ఆ రాత్రి నాకు మనసు నిలవలేదు. మా సీమలో వేసవి వచ్చిందంటే నీళ్ళ కరువు. తెల్లవారకముందే బోరింగు దగ్గర బిందెలు వరస కట్టేవి. చుక్క నేలపాలు కాకుండా బిందె తీయాలంటే చెవులు చురుకుగా వుండాలి. అటువంటి చెవులు వూరకే పొరపాటు పడతాయా? లేచి, సీసాలో నీళ్ళు పోసి వూదాను. సన్నగా పలికింది! ఇంకా పోశాను. ఇంకా సన్నబడింది. పిల్లవాడు చెప్పిందే నిజం.

దీని కారణం ఏమిటో చూద్దాం. చెంచాతో కొట్టినప్పుడు వణికేది ముఖ్యంగా గాజు. నీళ్ళు పోస్తే ఆ బరువును కూడా మోసుకొని వణకాలి కాబట్టి గాజు నెమ్మదిస్తుంది. అందుకే బొంగురు. వూదినప్పుడు వణికేది గాజు కాదు, గాలి!

సైకిలు పంపు రంధ్రాన్ని వేలితో మూసి, పిడిని నొక్కి చూడండి. వదలగానే అది వెనక్కి తన్నుతుంది. లోపల చిక్కిన గాలి స్ప్రింగులాగా పనిచేస్తుందన్నమాట. సీసా పొట్టలో వున్న గాలి కూడా అటువంటి స్ప్రింగే. మెడలో వున్న గాలి ఆ స్ప్రింగు మీద కూర్చున్న బిరడా. మన వూపిరి ఎదుటి అంచుకు తగిలి ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి మళ్ళుతూ, వుయ్యాలను తోసినట్టు ఆ బిరడాను వూపుతుంది. ముప్పాతిక లీటరు సీసాలో అది సెకనుకు సుమారు 100 సార్లకు పైగా వూగుతుంది. ఆ వూపే మనకు వినిపించే "బూ...".

నీళ్ళు పోస్తే పొట్టలో గాలికి చోటు తగ్గుతుంది. కొద్దిపాటి గాలి అదే తోపుకు ఎక్కువగా నలిగి, గట్టిగా వెనక్కి తన్నుతుంది. స్ప్రింగు బిరుసెక్కిందన్నమాట. బిరడా వేగంగా వూగుతుంది, గొంతు సన్నబడుతుంది.

బిందె సంగతీ ఇంతే. పడే నీళ్ళ సద్దులో రకరకాల ధ్వనులు కలిసి వుంటాయి. బిందెలోని గాలి వాటిలో తనకు సరిపడినదానిని పట్టుకొని పెద్దది చేస్తుంది. దీనినే అనునాదం అంటారు. హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మనీ శాస్త్రజ్ఞుడు (1821-1894) చిన్న మూతిగల బోలు గోళాలను చెవికి ఆనించుకొని, కలగలిసిన ధ్వనులను ఇదే సూత్రంతో విడదీసి విన్నాడు. 1863లో ధ్వనిని గురించి పెద్ద గ్రంథం ప్రకటించాడు. ఆ గ్రంథం పేరైనా వినని ఒక తల్లి, మా సీమలో, చీకట్లో చెవులతోనే ఆ సూత్రాన్ని వాడుకొంటున్నది!

మరునాడు తరగతిలో అందరి ముందూ, "నిన్న నేను చెప్పింది తప్పు, వాడు చెప్పింది ఒప్పు" అన్నాను. వాడిచేతనే సీసా వూదించాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. కాని వాడు మళ్ళీ తనంతట తాను లేచి ప్రశ్న అడగటానికి నెలరోజులు పట్టింది. "కూర్చో" అన్న మాటకు అంత బలం వుంటుందని నాకు ట్రెయినింగులో తెలియలేదు. తల్లిదండ్రులు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పిల్లలూ, మీకు ఒక పని. సీసా పొట్టలో నాలుగోవంతు గాలి మాత్రమే మిగిలేటట్టు నీళ్ళు పోసి వూదండి. కంపనాలు ఇంచుమించు రెట్టింపవుతాయి. సంగీతం నేర్చుకొనేవారి మాటలలో చెప్పాలంటే, కింది "స" పోయి పై "స" పలకాలి. పలికిందో లేదో నా మాట నమ్మకండి. మీ చెవులతో వినండి.