డాబా మీద సూర్యుడు

నందిని గనులలో మూడు దశాబ్దాలుగా ఉద్యోగం చేస్తున్న మాకు ఎండను గురించి ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. భిలాయికి సుమారు 23 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ సున్నపురాయి బెంచీల మీద మే నెల మధ్యాహ్నం ఒక్క గంట నిలబడితే సూర్యశక్తి అనగా ఏమిటో పుస్తకం తెరవకుండానే బోధపడుతుంది. ఆ ఎండతో ఇంటి కరెంటు బిల్లు తగ్గించుకొనుట మనబోటివారికి గిట్టుబాటు అవుతుందా అనే ప్రశ్న రెండేళ్లుగా మన తెలుగువారు ఎక్కడ నలుగురు కలిసినా వినబడుతున్నది. పదవీ విరమణ దగ్గరపడిన మాకు ఇది కేవలం సాంకేతిక చర్చ కాదు. చేతికి వచ్చే సొమ్ము ఒక్కసారే వస్తుంది.

క్వార్టరు కప్పు మనది కాదు గనుక అక్కడ ఈ ప్రశ్నే లేదు. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన 'పి.ఎం. సూర్య ఘర్' పథకం సొంత ఇల్లు, సొంత కనెక్షను గలవారికి వర్తిస్తుంది. కోటి ఇళ్లు లక్ష్యం, 75,021 కోట్ల రూపాయల వ్యయం, 2026-27 వరకు గడువు. దుర్గ్‌లోనో భిలాయిలోనో స్థలం కొని ఇల్లు కట్టుకొన్నవారు, శ్రీకాకుళం, విజయనగరం వైపు తండ్రుల నాటి ఇల్లు బాగు చేయించుకొన్నవారు మనలో చాలామంది ఉన్నారు. ఈ వ్యాసం వారి కోసం.

రాయితీ లెక్క ఇది. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 రూపాయలు, మూడవదానికి 18,000, మొత్తం 78,000. ఆపైన ఎన్ని కిలోవాట్లు పెట్టినా కేంద్రం ఇచ్చేది అంతే. దీనికి తోడు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2025లో తన వాటాగా ఒక కిలోవాటుకు 15,000, రెండు లేక అంతకు మించితే 30,000 ప్రకటించింది. అనగా మన రాష్ట్రంలో రెండు కిలోవాట్లకు 90,000, మూడింటికి 1,08,000 వస్తాయి.

దుర్గ్‌లోని మా ఇంట్లో మా కుమారుడి కుటుంబం ఉంటున్నది. మేము వాకబు చేసినప్పుడు రెండు కిలోవాట్లకు 1,30,000, మూడింటికి 1,85,000, ఐదింటికి 2,90,000 రూపాయలు ధర చెప్పారు. రాయితీ పోగా మన జేబు నుండి పోయేది రెండింటికి 40,000, మూడింటికి 77,000, ఐదింటికి 1,82,000. గమనించండి, మూడవ కిలోవాటు ఒక్కదానికే 37,000 అవుతున్నది. మొదటి రెండూ కలిపి ఎంతో ఇంచుమించు అంతే! నాలుగు, ఐదులకైతే పూర్తి ధర మనదే. వచ్చిన విక్రేత మాత్రం "డాబా ఖాళీగా ఉంది కదా సార్, ఐదు పెట్టించుకోండి" అని పట్టుబట్టాడు. డాబా వైశాల్యం చూసి కిలోవాట్లు నిర్ణయించుట మా దృష్టిలో ఇంటి తలుపు కొలత చూసి బీరువా కొనుట వంటిది. చూడవలసినది పన్నెండు నెలల బిల్లులలోని యూనిట్లు.

మన ప్రాంతంలో ఒక కిలోవాటు రోజుకు సగటున నాలుగు యూనిట్లు, నెలకు 110 నుండి 120 వరకు ఇస్తుంది. శ్రావణ భాద్రపదాలలో ఇది బాగా పడిపోతుంది. మండు వేసవిలో మాత్రం విరగకాస్తుందా అంటే అదీ లేదు. పలకల సామర్థ్యం 25 డిగ్రీల వద్ద కొలిచినది. మే నెలలో పలక 60 డిగ్రీలు దాటుతుంది. ప్రతి డిగ్రీకి దాదాపు మూడో వంతు శాతం చొప్పున తరుగు పోతుంది. ఎండ వేరు, వేడి వేరు. మా ఇంటి వాడకం నెలకు 310 యూనిట్లు కావున మూడు కిలోవాట్లు పెట్టించాము. నెలకు సుమారు 1,600 రూపాయలు మిగులుతున్నది.

ఈ మిగులు అందరికీ ఒకే తీరుగా ఉండదు. శ్లాబులు ఎక్కే కొద్దీ యూనిటు ధర పెరుగుతుంది. సౌర విద్యుత్తు ముందుగా పై శ్లాబులోని ఖరీదైన యూనిట్లను తొలగిస్తుంది. అందుచేత వాడకం ఎక్కువ ఉన్నవారికే లాభం ఎక్కువ. మన రాష్ట్రంలో 2019 నుండి 400 యూనిట్ల వరకు సగం బిల్లు ప్రభుత్వమే భరించినంత కాలం సౌర పలకల ఊసెత్తినవారు తక్కువ. 2025లో ఆ పరిమితి తగ్గించగానే అందరి చూపూ ఆకాశం వైపు తిరిగింది!

విక్రేతలు చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. రాయితీ ముందుగా రాదు. పలకలు బిగించి, నెట్ మీటరు పెట్టి, తనిఖీ అయిన తరువాతనే బ్యాంకు ఖాతాలో పడుతుంది. అప్పటిదాకా మొత్తం సొమ్ము మనమే సర్దుకోవాలి, లేదా బ్యాంకు అప్పు తీసుకోవాలి. రాయితీ కావాలంటే పలకలు, వాటిలోని ఘటాలు రెండూ స్వదేశీ తయారీవై ఉండాలి. పలకలు పాతికేళ్లు నిలిచినా ఇన్వర్టరు అంతకాలం నిలవదు, మధ్యలో ఒకసారైనా మార్చవలసి వస్తుంది. కరెంటు పోతే, బ్యాటరీ లేని ఈ ఏర్పాటు పట్టపగలు కూడా పనిచేయదు. లైను మీద పనిచేసే మనిషికి మన డాబా నుండి షాకు తగలకుండా ఇన్వర్టరు తనంతట తానే ఆగిపోతుంది. గనిలో మెషీను ముట్టుకొనే ముందు షట్‌డౌన్ తీసుకొనే మనకు ఇది వేరే చెప్పాలా!

దుమ్ము మరొక సమస్య. వారానికి ఒకసారి తెల్లవారగానే, అద్దం చల్లగా ఉన్నప్పుడు కడగాలి. సున్నపురాయి నేల గనుక మన బోరు నీళ్లు ఆరితే తెల్లని మచ్చలు మిగులుతాయి. వెంటనే మెత్తని గుడ్డతో తుడవాలి. ఇక మా శ్రీమతి అభ్యంతరం వేరు: "వడియాలెక్కడ పెట్టుకోవాలి?" 12,000 రూపాయలు అదనంగా వెచ్చించి పలకలను ఏడడుగుల ఎత్తున బిగించిన తరువాత గాని ఇంట్లో అనుమతి లభించలేదు. ఆ ఖర్చుతో కలిపి మా పెట్టుబడి 89,000. నాలుగున్నర ఏళ్లలో తిరిగి వస్తుంది.

మా లెక్క విన్న విశ్రాంత ఫోర్‌మన్ అన్నగారు, శ్రీకాకుళం వారు, "పి.ఎఫ్. డబ్బులు డాబా మీద ఆరబెట్టమంటావేటి బాబూ?" అన్నారు. వారింట భార్యాభర్తలిద్దరే, వాడకం నెలకు 90 యూనిట్లు. "మీకు అక్కర లేదు అన్నగారూ" అని చెప్పాము. విశాఖలో ఉన్న వారి అబ్బాయి ఇంట రెండు ఏసీలు, నెలకు 400 యూనిట్లు. అక్కడ మూడు కిలోవాట్లు పెట్టించవచ్చునన్నాము. కాని ఛత్తీస్‌గఢ్ ఇచ్చే 30,000 అక్కడ రాదు గనుక కేంద్రం ఇచ్చే 78,000తోనే లెక్క వేసుకోవాలి. అబ్బాయి పన్నెండు నెలల బిల్లులు పంపించాడట. వచ్చే ఆదివారం కాగితాలు పట్టుకొని వస్తామన్నారు.